మాస్కు మీద యాడి కుట్టు

(సంత్ సేవాలాల్ మహరాజ్ 282వ జయంతి సందర్భంగా 2021లో ఆన్‌లైన్‌లో యువతతో మాట్లాడిన ప్రసంగ పాఠం)

 

ప్రతి ఏడూ ఈ రోజున తాండాలో భోగ్ దగ్గర కలుసుకునేవాళ్లం. ఈసారి ఫోన్లలో కలుసుకుంటున్నాం. మన కుట్టుపని గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘం వాళ్లు అడిగారు. నేను మిషన్ కుట్టుకుని బతికేదాన్ని. పెద్ద ప్రసంగాలు నాకు రావు. అందుకే ఒక చిన్న గుడ్డ గురించే చెప్తాను. అది ఇప్పుడు అందరి మూతికీ ఉన్న మాస్కు.

పోయిన ఏడాది ఏప్రిల్ మొదట్లో ఇంట్లో కుట్టిన మాస్కులు వాడమని కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది. పెళ్లిళ్లు లేవు, రవికెలు కుట్టించుకునేవాళ్లు లేరు. మిగిలిన గుడ్డలతో మాస్కులు కుట్టడం మొదలుపెట్టాను. మా యాడి ఒకటి చేతిలోకి తీసుకుని చూసి, "ముఖానికి కట్టుకునేది ఇంత బోసిగా ఉందేమే?" అన్నది. సూది అడిగింది. చూపు ఆనక సూదిలో దారం ఎక్కించలేకపోయింది. దారం నేను ఎక్కించాను, కుట్టు తను వేసింది. గీత లేదు, అచ్చు లేదు. వేలితో కొలుచుకుంటూ అంచు పొడవునా ఎర్ర దారం, పసుపు దారం వేసుకుంటూ పోయింది.

ఇక్కడ మీకు ఒక సంగతి ఒప్పుకోవాలి. నేను హాస్టల్లో చదివేటప్పుడు యాడి ఫేటియా, కాంచళి వేసుకుని నన్ను చూడడానికి వచ్చింది. తోటిపిల్లలు నవ్వారు. "ఎవరే ఆమె?" అంటే, "మా ఊరామె" అన్నాను. ఆ మాట యాడికి వినపడింది. తర్వాత కొన్నేళ్లకు పాత బట్టలు కొనేవాడు తాండాకు వచ్చాడు. యాడి తన పెళ్లినాటి ఫేటియా ఇచ్చేసింది. అలాంటివి కోసి సంచులు, గోడకు వేలాడే బొమ్మలు చేసి అమ్ముతారని నాకు తెలుసు. వద్దనాల్సింది నేను. అనలేదు.

ఆ ఫేటియా ఇక రాదు. కానీ ఆ కుట్టు యాడి వేళ్లలో ఇంకా ఉందని మాస్కు మీద చూశాక తెలిసింది.

మీలో చాలామంది, "అక్కా, ఒక ఫేటియా పూర్తిచేయాలంటే నెలలు పడుతుంది, మాకు తీరికేది?" అంటారు. నిజమే. మాస్కు అరచేయంత గుడ్డ. ఒక సాయంత్రం చాలు. ఎలాగో చెప్తాను.

పది అంగుళాల పొడవు, ఆరు అంగుళాల వెడల్పుతో ముక్కలు కత్తిరించుకోండి. మూడు పొరలు ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పోయిన జూన్‌లో చెప్పింది. గుడ్డను ముందే ఉతికి ఆరేయండి. ముఖ్యంగా ఎరుపు, నీలం రంగు వదులుతాయి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇది. కుట్టు పై పొర మీద మాత్రమే వేయాలి, అదీ పొరలు కలపకముందే. మాస్కు మొత్తం తయారయ్యాక పూలు కుడితే సూది మూడు పొరల్నీ పొడుస్తుంది. అందం కోసం మాస్కుకు మనమే చిల్లులు పెట్టినట్టవుతుంది. లోపలి రెండు పొరల్నీ ముట్టుకోవద్దు. ముక్కు, నోరు ఎదురుగా వచ్చే నడిమి భాగం కూడా వదిలేసి, అంచుల్లో, మూలల్లో కుట్టండి.

కుచ్చిళ్ల మాస్కయితే ముందు మడతలు పెట్టి ఇస్త్రీ చేయండి. పైకి కనిపించే చోట సుద్దతో గుర్తు పెట్టుకుని, మడత విప్పి అక్కడ కుట్టండి. లేకపోతే కష్టపడి వేసిన కుట్టంతా మడతలో దాక్కుంటుంది.

ఆరు పోగుల దారంలోంచి రెండు పోగులు చాలు. మొదటిసారి పట్టేవాళ్లు సూదిని పైకీ కిందికీ తీసే సాదా కుట్టు ఒక వరుస వేయండి. దాని పక్కన గొలుసు కుట్టు ఒక వరుస. మూలలో మూడు చిన్న ముక్కోణాలు. ముడులు గుడ్డ వెనకవైపు ఉండాలి. పొరలు కలిపాక అవి లోపలే ఉండిపోతాయి, చెంపకు గుచ్చుకోవు.

అద్దాలు, గవ్వలు, పూసలు లేకుండా మన కుట్టేమిటని అడుగుతారు. మాస్కుకు అవి వద్దు. బరువుకు మాస్కు కిందికి జారి ముక్కు దగ్గర సందు పడుతుంది. రోజూ సబ్బుతో ఉతికే గుడ్డ మీద అద్దం నిలవదు. యాడి దానికీ ఉపాయం చెప్పింది: అద్దం ఉండాల్సిన చోట తెల్ల దారంతో చిన్న గుండ్రం కుట్టి, దాని చుట్టూ ఎప్పటిలాగే కుట్టు వేయడం. దూరం నుంచి చూస్తే అద్దం ఉందనే అనిపిస్తుంది.

తమ్ముళ్లూ, ఇది ఆడపిల్లల పని అని ఫోన్ పక్కన పెట్టకండి. సూది అందరి చేతిలోనూ ఒకేలా నడుస్తుంది.

మన తాతలు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగారు. మన గోర్ బోలికి సొంత లిపి లేదు. ఏ కుట్టు ఎలా వేయాలో ఎవరూ పుస్తకంలో రాసి పెట్టలేదు. యాడి చేయి చూసి బిడ్డ నేర్చుకున్నది. పక్కన కర్ణాటకలో సండూరు లంబాణీ కుట్టుకు 2010లో జీఐ గుర్తింపు వచ్చింది. సంతోషమే. కానీ మన ఇంట్లో ముసలామె కుట్టు మన ఇంట్లోవాళ్లు నేర్చుకుంటేనే మిగులుతుంది.

మిమ్మల్ని ఒక్కటే కోరుతున్నాను. ఈ వారంలో మీ ఇంట్లో పెద్దామె పక్కన కూర్చోండి. సూదిలో దారం మీరు ఎక్కించి ఇవ్వండి. ఆమె చేతులను ఫోన్‌లో వీడియో తీయండి, ఆ కుట్టును మన బోలిలో ఏమంటారో ఆమె నోటితోనే చెప్పించండి. తర్వాత సూది మీరు పట్టండి. మొదటి మాస్కు వంకరగా వస్తుంది. నాదీ అలాగే వచ్చింది. యాడి నవ్వి, విప్పి, మళ్లీ కుట్టమన్నది.

ఇప్పుడు బజారుకు వెళ్తే, "ఈ మాస్కు ఎవరు కుట్టారు?" అని అడుగుతున్నారు. "మా యాడి" అని చెప్తున్నాను. హాస్టల్ గేటు దగ్గర చెప్పాల్సిన మాట అది. ఇన్నేళ్లకు చెప్తున్నాను. మీరు అంత ఆలస్యం చేయకండి.

రామ్ రామ్.