పదింటికి తాళం

పట్టాలు అందుకున్న పిల్లలూ, ఆ నల్ల గౌన్లలో మీరెలా ఉడికిపోతున్నారో కనిపిస్తూనే ఉంది.

నా ఉద్యోగమంతా నగరపాలక సంస్థలో, బస్తీల పనులు చూసే యూసీడీ (పట్టణ సామాజికాభివృద్ధి) విభాగంలో గడిచింది. హైదరాబాద్‌లో ఆ పని 1967లో మొదలైంది. పొదుపు సంఘాలు, కుట్టు మిషన్లు చూసి చూసి, సర్వీసు చివర్లో నైట్ షెల్టర్ల దగ్గర తేలాను. నిరాశ్రయులకు నీడ ఇవ్వడం పుణ్యకార్యమని చాలామంది అనుకుంటారు. సుప్రీంకోర్టు అలా అనలేదు. నగరాల్లో లక్ష జనాభాకు ఒక షెల్టర్, ఏడాది పొడవునా 24 గంటలూ తెరిచి ఉండాలని 2010లోనే చెప్పింది. 2013లో జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ వచ్చాక నిధులకూ దారి దొరికింది.

మాకు గది వచ్చింది, పరుపులు వచ్చాయి. మనుషులే అంతగా రాలేదు. లోపల సగం పడకలు ఖాళీ, ఎదురుగా మూసిన దుకాణాల అరుగుల మీద వరసగా జనం. తనిఖీకి వచ్చిన అధికారి రిజిస్టరు తిరగేసి 'అవసరం కనిపించడం లేదు' అని రాసి వెళ్లారు. నాకు ఒళ్లు మండి, ఆ రాత్రి వెళ్లి ఆ అరుగు మీదే కూర్చున్నాను. ఒంటిగంట దాటాక ట్రాలీ ఆటో ఒకటి ఆగింది. పెళ్లిలో గుండిగలు తోమి వచ్చిన కుర్రాళ్లు దిగారు. సబ్బునీళ్లలో నాని వాళ్ల వేళ్లు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. షెల్టర్‌కు ఎందుకు రారని అడిగితే ఒకడు నవ్వాడు. "పదింటికి తాళమేస్తరు మేడం. గప్పటికి మా కాడ రెండో బంతి కూడా లేవదు."

తాళం ఒక్కటే కాదు. ఆధార్ అడుగుతారు, ఆధార్‌కేమో చిరునామా కావాలి. సంచి పెట్టుకునే చోటుండదు. మొగుడు ఒకచోట, పెళ్లాం పిల్లలు ఇంకోచోట.

ఇవి జీవోలతో తెమలలేదు. క్యాటరింగ్ మేస్త్రి తన కుర్రాళ్ల పేర్లు రాసిచ్చాడు. పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ రెండో తాళంచెవి దగ్గర పెట్టుకున్నాడు. బీటు కానిస్టేబుల్ అర్ధరాత్రి వచ్చేవాళ్లను నిలదీయడం మానేశాడు. బ్యాంకు మేనేజరు, కొంత గొణిగి, మా ఉత్తరం చూసి కుర్రాళ్లకు ఖాతాలు తెరిచారు. కాలనీ సంఘం పెద్దాయన మాత్రం దొంగలొస్తారని అర్జీ మీద అర్జీ పెట్టారు. తన మనవడి బారసాలలో వడ్డించింది ఈ కుర్రాళ్లేనని తెలిశాక చల్లబడ్డారు. సామాన్లకని పాత బీరువా కూడా పంపారు. దాని తలుపు సరిగా పడదనుకోండి.

ఈ నగరానికి ఇంకో పద్ధతీ తెలుసు. 2017 నవంబరులో అంతర్జాతీయ సదస్సుకు ముందు అడుక్కునేవాళ్లను ఏరి చంచల్‌గూడ జైలు ఆవరణలో పెట్టిన ఆశ్రమానికి తరలించారు. అతిథులు వచ్చేసరికి కూడళ్లు ఖాళీ.

ఇక నన్ను పట్టి పీడించేది మీ దుప్పట్లు! డిసెంబరు రాగానే కార్లేసుకుని బయల్దేరతారు. నిద్రపోతున్నవాణ్ణి లేపి మరీ దుప్పటి కప్పి, ఫొటో దిగుతారు. ఒకే మనిషికి ఒకే రాత్రి నాలుగు దుప్పట్లు. తెల్లారి అమ్ముకున్నాడని మళ్లీ మీరే చెవులు కొరుక్కుంటారు. నాలుగు దుప్పట్లు ఎక్కడ దాచుకుంటాడు నాయనా, జేబులోనా? ఇంత చదువు చదివి ఆ మాత్రం తట్టదా? అదే డబ్బుతో పది మంది కలిసి షెల్టర్‌కు లాకర్లు చేయించండి. ఆర్కిటెక్చర్ వాళ్లు భార్యాభర్తలకు చాటు ఉండేలా గది గీయండి. లా చదివినవాళ్లు ఆధార్ కాగితాల సంగతి పట్టండి. కామర్స్ వాళ్లు నవ్వకండి, పద్దులు చూసేవాళ్లు లేకే మా పొదుపు సంఘాలు చాలా మూతపడ్డాయి.

వైస్ చాన్సలర్ గారు గడియారం చూస్తున్నారు. ఇప్పుడు భోజనాల దగ్గర మీకు వడ్డించేవాళ్లను, ఈ రాత్రి ఎక్కడ పడుకుంటారో అడగండి. ఏం చెప్పారో నాకు రాయండి. నా నంబరు రిజిస్ట్రార్ గారి దగ్గరుంది.