ఆదరణము – అధికారము

 

మన సంఘము బీదవిద్యార్థులకు చేయుచున్న సాయమును పలువురు వక్తలు ప్రశంసించిరి. ఆ సాయము చేయవలసిన తీరును గూర్చి నేనొక్క మాట విన్నవించెదను.

పూర్వము మన పట్టణములలో వారములు చెప్పుకొని చదివిన బాలురు పెక్కుమంది. ఆదివారమొక యింట, సోమవారమొక యింట భోజనము. కొందఱు గృహిణులు "కాళ్లు కడుగుకొని రమ్ము, నాయనా" యని తమ బిడ్డల సరసనే వడ్డించెడివారు. మఱికొందఱు విస్తరి వేయుటకు ముందు నీళ్లు తోడించెడివారు, అంగడికి పంపెడివారు. అన్నము రెండుచోట్లను ఒక్కటియే. మొదటి యింట బాలుడు అతిథి. రెండవ యింట సేవకుడు.

నిజమైన యాదరణమునకొక యుదాహరణము. టంగుటూరి ప్రకాశముగారి బాల్యమున తండ్రి గతింపగా, తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్లిల్లు నడిపి బిడ్డలను పోషించిరి. ఉపాధ్యాయులగు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు ఆ బాలుని రాజమహేంద్రవరమునకు తోడ్కొనిపోయి చదివించిరి. ఇరువురి కులములు వేఱు. ఆ వాత్సల్యమునకది యడ్డు కాలేదు. 1953లో ఆంధ్రరాష్ట్రమునకు ప్రథమ ముఖ్యమంత్రియైనది ఆ బాలుడే.

నేడు వారములు పోయినవి. ఫీజులు, వసతిగృహములు వచ్చినవి. కాని "మా ధనముతో చదువుచున్నావు గనుక మేము చెప్పిన చదువే చదువుము, మేము చూపిన సంబంధమే చేసికొనుము" అను మాట యింకను వినబడుచున్నది. చిత్రలేఖనమున ఆసక్తిగల బాలుని బలవంతముగా ఇంజనీరును చేయుటయు, చదువగోరు బాలికకు పెండ్లిఖర్చు మాత్రమే యిచ్చుటయు సాయము గాదు. విద్యార్థిని మొదట "నీకేమి చదువవలెనని యున్నది?" అని యడుగుడు. ధనమిచ్చునపుడు సభలో నిలువబెట్టి వాని పేదఱికమును చాటకుడు. చేతికఱ్ఱ యిచ్చుట మన ధర్మము. ఏ దారిని పోవలయునో నిర్ణయించుకొనుట నడచువాని హక్కు.