మన కంప్యూటర్ గదిలో ఏం పెడదాం?

(స్వర్ణోత్సవ సన్నాహక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

  నాది 1985 పదో తరగతి బ్యాచ్. ముప్పై రెండేళ్ళుగా ప్రోగ్రాములు రాసి బతుకుతున్నాను. మైకు ముందు నిలబడడం కన్నా కీబోర్డు ముందు కూర్చోవడమే నాకు తేలిక. అయినా కార్యదర్శి గారు ఫోన్ చేసి "మన ల్యాబు సంగతి తేల్చాలి, వచ్చి పది నిమిషాలు మాట్లాడు" అంటే కాదనలేకపోయాను. పది దాటితే లాంగ్ బెల్ కొట్టండి, దిగిపోతాను.

2016లో మనమే చందాలు వేసుకుని కొనిచ్చిన ఇరవై కంప్యూటర్లు ఆ గదిలో ఉన్నాయి. వాటిలో విండోస్ 10 ఉంది. దానికి మామూలు సపోర్టు మొన్న 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. గడువు పొడిగించుకునే దారులున్నాయి గానీ అవి కొద్దికాలానికే. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, ఇంకా కొత్త తరం ప్రాసెసర్ ఉండాలి. మన మిషన్లు ఆ లెక్కలోకి రావు. అందుకని ఇరవై కొత్తవి కొందామని కమిటీలో ప్రతిపాదన వచ్చింది. నేను దానికి అడ్డు చెప్పడానికి వచ్చాను. ప్రతిపాదించినవాడు నా క్లాస్‌మేటే కాబట్టి కోపగించుకోడు.

ముందు ఒక సంగతి చెప్పాలి. 2000లో మన రజతోత్సవ సంచిక వేశాం కదా. అందులో హెడ్మాస్టారు గారు బడి పెట్టిన తొలి ఏడాది గురించి నాలుగు పేజీలు రాశారు. తాటాకు పాక, వాన వస్తే నల్లబల్లను నెత్తిన పెట్టుకుని పరిగెత్తడం, అదంతా. ఆయన ఇప్పుడు లేరు. ఆ వ్యాసాన్ని స్వర్ణోత్సవ సంచికలో మళ్ళీ వేద్దామనుకున్నాం. స్కూల్లో ఉన్న ప్రతులకు చెదలు పట్టాయి. నా దగ్గరున్న ప్రతిలో సరిగ్గా ఆ నాలుగు పేజీల్లో రెండు లేవు. వెతగ్గా వెతగ్గా అప్పుడు డీటీపీ చేసినాయన కొడుకు దగ్గర ఒక సీడీ దొరికింది. అమ్మయ్య అనుకున్నాం.

సీడీ చదివింది. ఫైలు ఉంది. తెరుద్దామంటే ఆ పేజీలు దిద్దిన ప్రోగ్రాం ఇప్పుడు అమ్మకంలో లేదు. సరే, లినక్స్‌లో స్ట్రింగ్స్ అని ఒక చిన్న కమాండ్ ఉంటుంది, ఎలాంటి ఫైలులోంచైనా అక్షరాల్లాంటివి కనిపిస్తే ఏరి బయట పెడుతుంది. అది నడిపాను. వచ్చింది తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాలు, డాలర్ గుర్తులు, బ్రాకెట్లు కలిసిన గందరగోళం. ఎందుకంటే ఆ రోజుల ఫాంట్లు చాలావరకు ఒక మాయ చేసేవి. కంప్యూటర్ దృష్టిలో అక్కడున్నది ఇంగ్లీషు అక్షరమే, దాని బొమ్మ మాత్రం తెలుగు ముక్కగా గీసి ఉంటుంది. ఫాంటు తీసేస్తే తెలుగు పోతుంది. యూనికోడ్‌లో 1991 నుంచే తెలుగుకు సొంత చోటు ఉంది. 'క' అంటే 0సి15, ఏ ఫాంటు వేసినా, ఏ కంప్యూటర్ అయినా అది 'క'యే. కానీ 2000 నాటికి ఆ సంగతి మన ఊరి డీటీపీ సెంటరు దాకా రాలేదు. తప్పు ఎవరిదీ కాదు.

పాత సంచికలో మిగిలిన రెండు పేజీలను పక్కన పెట్టుకుని, ఏ గుర్తు ఏ తెలుగు ముక్కకు వస్తోందో ఒక పట్టిక రాసుకుంటూ పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాశాను. తలకట్టు ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క. కొన్నిచోట్ల క్రావడి ముందు వచ్చి, అసలు అక్షరం దాని తరువాత వచ్చేది. పదకొండు రాత్రులు పట్టింది. మా ఆవిడ "జీతం లేని ఓవర్‌టైమా?" అంది. చివరికి వచ్చినదాన్ని మన తెలుగు టీచరు గారికి పంపిస్తే ఫోన్ చేసి, "ఏరా, హెడ్మాస్టారు కథ అంతా 'కధ' అని రాశారా? ఆయన అలా రాయరే!" అన్నారు. నా పట్టికలో థ, ధ తారుమారయ్యాయి. దిద్దాను. రెండుచోట్ల వాక్యం పూర్తిగా పోయింది, అక్కడ చుక్కలు పెట్టాం. ఈ సంచికలో మీరు చదవబోయేది అదే.

నా అభిప్రాయాలన్నీ ఇలాంటి అనుభవాల్లోంచి వచ్చినవే. మనం రాసుకున్నది ఒక కంపెనీ ప్రోగ్రాం ఉంటేనే తెరుచుకుంటుందంటే, బీరువా మనదైనా తాళం చెవి పొరుగింట్లో ఉన్నట్టే. అందుకే నా సొంత నోట్సు, లెక్కలు, ఈ ప్రసంగం కూడా ఉత్త టెక్స్టు ఫైళ్ళలోనే ఉంటాయి. అందంగా ఉండవు. ఎక్కడైనా తెరుచుకుంటాయి.

ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. 1969లో అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మొదలుపెట్టారు. చిన్న చిన్న ప్రోగ్రాములు, ఒక్కొక్కటి ఒక్క పనే చేస్తుంది. 1973లో వాళ్ళ సహోద్యోగి డగ్ మెకిల్‌రాయ్ ఎప్పటినుంచో అడుగుతున్న పైపు అనే ఏర్పాటు అందులోకి వచ్చింది. ఒక ప్రోగ్రాం ఇచ్చింది నేరుగా ఇంకో ప్రోగ్రాంకి అందుతుంది. ఇంటికి స్లాబు వేసేటప్పుడు చూశారుగా, కింద కలిపేవాడు కలుపుతుంటాడు, తట్ట చేతులు మారుతూ పైకి వెళ్తుంది, పైన పరిచేవాడు పరుస్తుంటాడు. ఎవరి పని వారిది. అలాగన్నమాట.

మొన్న పాత విద్యార్థుల జాబితా చేయాల్సి వచ్చింది. ఒకటి వాట్సాప్ గ్రూపుల్లోంచి, ఒకటి 2000 నాటి రిజిస్టరు చూసి టైపు చేసింది, ఒకటి ఇప్పుడు వచ్చిన ఫారాలు. మూడూ కలిపి సార్ట్‌కి, అక్కణ్ణించి యూనిక్‌కి పంపిస్తే రెండేసిసార్లు ఉన్న పేర్లు రెప్పపాటులో పోయాయి. పోనివి ఏమిటంటే, ఒకచోట వెంకటేశ్వరరావు, ఇంకోచోట వేంకటేశ్వర్రావు. కంప్యూటర్‌కి వాళ్ళు ఇద్దరు మనుషులు. అక్కడ మాత్రం మన క్లర్కు గారి జ్ఞాపకమే దిక్కయింది. ఇనిషియల్స్ చెప్పగానే తండ్రి పేరు, వీధి పేరు చెప్పారాయన.

ఇలాంటి పరికరాలతో ప్రమాదం లేదని చెప్పను. 1994లో, మొదటి ఉద్యోగంలో, యూనిక్స్ మిషన్ మీద పనిచేస్తున్నాను. సంస్థ పేరు ఎందుకులెండి. డాట్ ఓ అని చివరన ఉన్న ఫైళ్ళను చెరిపేయాలి. ఆర్ఎం అని కొట్టి, స్టార్ కొట్టి, డాట్ ఓ కొట్టాలి. నేను స్టార్‌కీ డాట్‌కీ మధ్య ఒక్క ఖాళీ వదిలాను. దానికి అర్థం 'ఉన్నవన్నీ చెరిపెయ్, ఆ తరువాత డాట్ ఓ అనే ఫైలు కూడా చెరిపెయ్' అని. అది అన్నీ చెరిపేసి, చివర్లో 'డాట్ ఓ అనే ఫైలు లేదు' అని మాత్రం ఫిర్యాదు చేసింది. నాలుగు నెలల పని! రాత్రి బ్యాకప్ టేపు ఉంటుంది కదా అని పరిగెత్తాను. తొమ్మిది రోజులుగా ఆ టేపు మీద ఏమీ ఎక్కడం లేదని అప్పుడే తెలిసింది. ఆ తొమ్మిది రోజుల పనీ మళ్ళీ చేయడానికి, కాగితాల మీద ప్రింట్లు పెట్టుకుని ఐదుగురం మూడు రోజులు టైపు చేశాం. మా టీమ్ లీడర్ నన్ను ఒక్క మాట అనలేదు. "అన్నం తిన్నావా?" అని అడిగారు. మర్నాడు పొద్దున వచ్చి ఆర్‌సీఎస్ అనే ప్రోగ్రాం ఎలా వాడాలో అందరికీ నేర్పారు.

ఆర్‌సీఎస్ పని ఏమిటంటే, ఫైలు మారిన ప్రతిసారీ పాతది దాచి ఉంచడం. ఇప్పుడు అదే పనికి గిట్ ఉంది, 2005లో లైనస్ టోర్వాల్డ్స్ రాశాడు. లినక్స్ మొదలుపెట్టిన మనిషే. దీని గురించి చదువుతుంటే నాకు మన సైన్సు మాస్టారు గుర్తొచ్చేవారు. రికార్డులో తప్పు రాస్తే రబ్బరు పెట్టనిచ్చేవారు కాదు. "ఒక్క గీత కొట్టు, పక్కన రాయి. నువ్వు ఎక్కడ పొరపాటు పడ్డావో నాకూ కనపడాలి, నీకూ కనపడాలి" అనేవారు. గిట్ చేసేది సరిగ్గా అదే. కొత్తగా చేరిన పిల్లలకు ఇప్పటికీ నేను ముందు నేర్పేది ఏ లాంగ్వేజీ కాదు, ఇదే.

లాంగ్వేజీ అంటే గుర్తొచ్చింది. ఇంటర్వ్యూల్లో మన పిల్లలు 'వాయిడ్ మెయిన్' అనీ 'క్లియర్ స్క్రీన్' అనీ రాస్తుంటే నాకు కడుపులో తిప్పుతుంది. ఆ నీలం తెర టర్బో సీ 1987 నాటిది. దాని కాలానికి అది అద్భుతం, నేనూ దాని మీదే నేర్చుకున్నాను. కానీ డాస్ పోయి ఎంతకాలమైంది? కొత్త విండోస్ మీద అది నేరుగా నడవదు కాబట్టి డాస్‌ని అనుకరించే ఇంకో ప్రోగ్రాంలో పెట్టి మరీ నేర్పిన కాలేజీలున్నాయి. జీసీసీ ఉచితం, పైథాన్ ఉచితం. మార్చాల్సింది ల్యాబ్ మాన్యువల్ ఒక్కటే, అది మారదు.

ఎడిటర్ల విషయంలో నాది వట్టి మొండితనం. నేను విమ్ వాడతాను. బాణం గుర్తుల బదులు హెచ్, జె, కె, ఎల్ కీలు నొక్కుతుంటే పిల్లలు నవ్వుతారు. డెబ్బైలలో దాని మాతృక వీఐ రాసిన బిల్ జాయ్ వాడిన టెర్మినల్‌లో బాణాలు ఆ కీల మీదే ఉండేవి, అందుకని. విమ్ తెరవగానే ఉగాండాలోని పేద పిల్లలకు సాయం చేయండని ఒక వాక్యం కనిపిస్తుంది. రాసిన బ్రామ్ మోలెనార్ అడిగిన రుసుము అంతే. 2023లో పోయారాయన. మీరు విమ్మే వాడాలని అనను, ఒక్క ఎడిటర్‌ని చేతివేళ్ళకు వచ్చేదాకా వాడమంటాను.

ఇప్పుడు ఏఐ కోడు రాసిపెడుతోందిగా, ఇవన్నీ ఎందుకని అడుగుతారు. నేనూ రోజూ వాడుతున్నాను. ఆ తెలుగు పట్టికలో సగం దానిచేతే రాయించాను. థ, ధ తారుమారు చేసింది కూడా అదే, నేను చూసుకోలేదు. టీచరు గారు చూశారు.

విండోస్‌ను తక్కువ చేసి మాట్లాడడం లేదు. 1998 నాటి విజువల్ బేసిక్ 6లో రాసిన ప్రోగ్రాములు ఈనాటి విండోస్‌లోనూ నడుస్తాయి. పాతదాన్ని అంత ఓపికగా మోసేవాళ్ళు ఈ రంగంలో తక్కువ. లెక్కల పట్టికలకు ఎక్సెల్‌కు సాటి నాకింకా కనిపించలేదు. మన ఆఫీసు గదిలోని కంప్యూటర్‌ను ముట్టుకోవద్దు, క్లర్కు గారికి అలవాటైనది అలాగే ఉండనివ్వండి, కావాలంటే దానికొక్కదానికి కొత్తది కొందాం.

కానీ పిల్లల గది వేరు. అక్కడ కంప్యూటర్ మూత తీసి లోపల చూసుకునే వీలుండాలి. లినక్స్‌లో అది ఉంది. అదేదో వింత వస్తువని భయపడకండి. మీలో చాలామంది జేబుల్లో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ల లోపల ఉన్నది దాని కెర్నెలే. ప్రపంచంలో అతి వేగవంతమైన 500 సూపర్ కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబరు నుంచి అన్నీ లినక్స్ మీద నడిచేవే. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో ఏళ్ళ తరబడి పిల్లలు దాని మీదే నేర్చుకుంటున్నారు. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ వారు దాన్ని తెలుగులోకి తెచ్చారు.

కిందటి వారం ఒక మిషన్ మీద వేసి చూశాను. పాత హార్డ్ డిస్కు తీసి ఎస్ఎస్‌డీ పెట్టి, లినక్స్ మింట్ వేశాను. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె పక్కన నిలబడి అంతా చూసింది. పూర్తయ్యాక, "సార్, దీన్ని నేను పాడుచేస్తే ఏమవుతుంది?" అని అడిగింది. "మళ్ళీ వేద్దాం, అరగంట" అన్నాను. వెంటనే కూర్చుంది. మన ల్యాబులో ఇన్నాళ్ళూ పిల్లలు కీబోర్డు ముట్టుకోవాలంటే భయపడేవారట. పాడైతే ఎవరు బాగుచేయిస్తారని గదికి తాళమే ఎక్కువ రోజులు ఉండేదట. హెడ్మిస్ట్రెస్ గారే చెప్పారు, వారిని తప్పుపట్టను.

కాబట్టి నా కోరిక ఇది. ఇరవై కొత్త కంప్యూటర్ల డబ్బులో ఇరవై ఎస్ఎస్‌డీలు, ఇన్వర్టర్‌కు కొత్త బ్యాటరీలు కొనండి. మిగిలింది లైబ్రరీకి ఇవ్వండి, అక్కడ చెదల మందు కూడా కొట్టించాలి. సంక్రాంతి సెలవుల్లో నేను వారం రోజులు ఊళ్ళోనే ఉంటాను. పొద్దున తొమ్మిదికల్లా ల్యాబు దగ్గర ఉంటాను, స్క్రూడ్రైవరు పట్టుకోగలిగినవాళ్ళు ఇద్దరు నాతో రండి. ఆ తొమ్మిదో తరగతి అమ్మాయి వస్తానంది. తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుందో మాత్రం హెడ్మిస్ట్రెస్ గారు ఈ రోజే చెప్పాలి.