కాలుష్య నియంత్రణ మండళ్లలో కార్మికుని స్థానం ఎక్కడ?



పర్యావరణ రక్షణ రైల్వే, తపాలా ఉద్యోగుల సభలో చర్చించదగిన విషయమేనా అని మాలో కొందరు సందేహించారు. భోపాల్ స్టేషనును తలచుకుంటే ఆ సందేహం నిలువదు.

1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి యూనియన్ కార్బైడ్ కర్మాగారం నుండి మిథైల్ ఐసోసయనేట్ వాయువు వెలువడి నగరాన్ని కమ్ముకున్నది. స్టేషను ఆ కర్మాగారానికి సమీపంలోనే ఉన్నది. విధులలో ఉన్న మన సోదరులు కండ్లు మండుతున్నా, ఊపిరాడకున్నా, నిలిచి ఉన్న గోరఖ్‌పూర్–బొంబాయి ఎక్స్‌ప్రెస్‌ను వేళకు ముందే సాగనంపారు. పొరుగు స్టేషన్లకు వర్తమానం అందించారు. వారిలో పలువురు అసువులు బాశారు.

ఆనాటికి చట్టాలు లేకపోలేదు. జల కాలుష్య నివారణ చట్టం 1974లోనే వచ్చింది. దాని ననుసరించి కేంద్రంలోను, రాష్ట్రాలలోను మండళ్లు ఏర్పడినవి. వాయు కాలుష్య చట్టం 1981లో వచ్చింది. అయినను ప్రమాదాన్ని ముందుగా పసిగట్టినవారు కార్మికులే. 1981 డిసెంబరులో అదే కర్మాగారంలో ఫాస్జీన్ సోకి ఒక కార్మికుడు మరణించగా, మరుసటి సంవత్సరం కార్మికులు హెచ్చరిక పత్రాలను గోడలపై అంటించారు. గోడ తప్ప వారికి వేరొక వేదిక ఏది?

చట్టాన్నే చూడండి. 1974 చట్టం ప్రకారం రాష్ట్ర మండలిలో అధికారులు అయిదుగురికి మించకుండా, స్థానిక సంస్థలవారు అయిదుగురికి మించకుండా, ప్రభుత్వ కంపెనీల పక్షాన ఇద్దరు ఉంటారు. వ్యవసాయం, మత్స్య పరిశ్రమ, పరిశ్రమ, వాణిజ్యం, "ఇతర ప్రయోజనాల" పక్షాన ముగ్గురికి మించరాదు. శ్రమ అన్న మాట లేదు. 1981 చట్టంలో ఆ మాట చేర్చారు. కాని జల చట్టం క్రింద ఏర్పడిన మండలియే వాయు మండలి కూడా అవుతుందని అదే చట్టం చెప్పింది. కాబట్టి ఆ మాట కాగితంపైననే మిగిలింది.

1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం, 2010లో జాతీయ హరిత న్యాయస్థానం చట్టం వచ్చినవి. అవి మేలైనవే. ఇక 2024లో జల చట్టాన్ని సవరించి, పెక్కు నేరాలకు జైలుశిక్ష స్థానంలో పదివేల నుండి పదిహేను లక్షల రూపాయల వరకు జరిమానా ఉంచారు. తొలుత హిమాచల్ ప్రదేశ్, రాజస్థాన్, కేంద్రపాలిత ప్రాంతాలకు వర్తింపజేశారు. పెద్ద యాజమాన్యానికి పదిహేను లక్షలు జమాఖర్చులలో ఒక పద్దు మాత్రమే.

మన ఇంటి సంగతి దాచరాదు. బోగీలకు బయో టాయిలెట్లు అమర్చక పూర్వం, దశాబ్దాల తరబడి పట్టాలపై పడిన మలినంలోనే గ్యాంగ్‌మన్ పని చేశాడు. అది కాలుష్యమని అతనికి ఏ నిపుణుడూ చెప్పనక్కరలేకపోయింది.

"ఇతర ప్రయోజనాల" క్రింద కార్మిక ప్రతినిధిని నియమించడానికి చట్ట సవరణ అవసరం లేదు. రాష్ట్ర ప్రభుత్వం తలచిన చాలును. ప్రతి శాఖ ఈ కోరికను తీర్మానంగా ఆమోదించి తన రాష్ట్ర ప్రభుత్వానికి పంపవలెనని మా ప్రతిపాదన. షెడ్డు నుండి నూనె నీరు ఏ కాలువలో కలుస్తున్నదో, ఏ తేదీన చూచితిరో వ్రాసి మండలికి స్పీడ్ పోస్టులో పంపండి, రసీదు భద్రపరచండి. ఆ రసీదు విలువ తపాలా సోదరులకు మేము చెప్పవలసినది కాదు.