నెల లెక్క



బందరు చేరువనున్న గిలకలదిండిలో పడవవారికి తిథి చెప్పిన చాలును. ఆనాడు పోటు ఎంత వచ్చునో, ఎప్పుడు తీయునో వారు చెప్పగలరు. అమావాస్యకు, పూర్ణిమకు పోటు పెద్దది. అష్టమి ప్రాంతమున చిన్నది. ఈ లెక్కను వారు ఎవరివద్దను దాచరు. అయితే ఆ ఇండ్లలోను, మన ఇండ్లలోను స్త్రీలు వేయు మరియొక నెల లెక్క కలదు. అది పెదవి దాటదు. గోడమీది క్యాలెండరులో ఒక పెన్సిలు చుక్కగా ఉండును. పాలు రాని రోజునకు గుర్తు కాబోలునని ఇంటి మగవారు అనుకొందురు. నేటి మా ప్రసంగము ఆ చుక్కను గూర్చి.

గుడివాడనుండి ఒక తల్లి మాకు ఉత్తరము వ్రాసినారు. ఆమె కుమార్తె కళాశాలలో చదువుచున్నది. నెలసరిని నాలుగు భాగములు చేసి, ఈ వారము ఇది తినుము, పై వారము ఈ వ్యాయామము చేయుము అని చెప్పు ఒక పట్టికను సెల్‌ఫోనులో చూచి అనుసరించుచున్నదట. "మా అత్తగారు మూడు రోజులు మూల కూర్చోబెట్టేవారు. మా అమ్మాయి నెలంతా దేహం చెప్పినట్టు నడుస్తానంటోంది. ఏది సరైనదండీ?" అని ఆమె ప్రశ్న. ఆ ఉత్తరము మా బల్ల సొరుగులో నాలుగు మాసములు పడియుండెనని ఒప్పుకొనక తప్పదు. వరికి పట్టు దోమపోటును గూర్చి మేము తడుముకొనక మాటాడుదుము. బహిష్టు అను మాటను మైకుముందు పలుకుటకు మాత్రము వెనుదీసితిమి. బెజవాడలో వైద్యము చేసిన డాక్టరు కొమర్రాజు అచ్చమాంబగారు (1906–1964) ప్రసూతిని, శిశుపోషణను గూర్చి తెలుగులో గ్రంథమే వ్రాసినారు గదా, మాకేల ఈ సంకోచమని పిమ్మట సిగ్గుపడితిమి.

ముందుగా ఆ పట్టికలో నిజమెంత? రక్తస్రావము మొదలైన దినమే ఋతుచక్రమునకు మొదటి దినము. అది ఆగిన పిమ్మట అండము ఎదుగును. ఆ దినములలో ఈస్ట్రోజెన్ అను రసము పెరుగుచుండును. అండము విడుదలయిన తరువాత ప్రొజెస్టెరోన్ ప్రబలి, దేహపు వేడిమి 0.3 నుండి 0.5 డిగ్రీల వరకు హెచ్చును. గర్భము నిలువనిచో ఆ రసములు తగ్గి మరల స్రావము కలుగును. ఇంతవరకు సందేహము లేదు. కొందరికి చివరి వారమున రొమ్ములు సలుపుట, చిరాకు, నిద్రలేమి కలుగుటయు నిజమే. దానిని నటన యనుట అన్యాయము. 2019లో ప్రపంచ కప్పు గెలిచిన అమెరికా మహిళల ఫుట్‌బాల్ జట్టువారు ఈ దశలను గమనించి సాధన చేసిరి.

కాని ఫలానా వారము ఫలానా గింజలే తినవలెను, ఫలానా దినము పరుగెత్తరాదు అని అందరికి ఒకే విధి విధించుటకు తగిన బలమైన ఆధారము లేదు. చంద్రుని నెల 29 దినములన్నర. పెద్దవారిలో ఋతుచక్రము 21 దినములకు రావచ్చును, 35కును రావచ్చును. ఒకే స్త్రీకి సైతము నెలనెలకు మారును. ఒక గదిలో కలిసియుండు స్త్రీలకు ఒకేసారి వచ్చునని 1971లో ఒక అమెరికను పరిశోధన ప్రకటించెను. తరువాతివారు అది నిలువదనిరి.

ఈ సందర్భమున మన దేశపు కథ యొకటి జ్ఞప్తికి వచ్చుచున్నది. 1952 ప్రాంతమున ప్రపంచ ఆరోగ్యసంస్థ తోడ్పాటుతో, మైసూరు రాజ్యములోని రామనగరమందును, ఢిల్లీలోని లోడీ కాలనీయందును, సంతాన నియంత్రణకై స్త్రీలకు రంగు పూసల దండలు ఇచ్చిరి. దినమున కొక పూస జరుపవలెను. పూస రంగును బట్టి ఏ దినము గర్భము రాగలదో తెలిసికొనవలెను. ఆలోచన చక్కనిదే. అయితే దండలోని పూసలవలె దేహపు దినములు ఎంచియుండవు. లెక్క తప్పినవారు పెక్కండ్రు. ఫోనులోని పట్టిక ఆ దండకు మనుమరాలు. గుర్తు పెట్టుకొనుటకు మంచిది, ఆజ్ఞ వేయుటకు పనికిరాదు.

ఇక అత్తగారి మూల. దివిసీమలో అవనిగడ్డ చేరువ పల్లెలో మా అమ్మమ్మ ఆ మూడు దినములు వసారాలో తాటాకు చాపమీద ఉండెడిది. చెంబు వేరు, కంచము వేరు. అన్నము పైనుండి వడ్డించెడివారు. నాలుగవనాడు తలస్నానము. "పొయ్యి దగ్గరకు పోనక్కర్లేని రోజులవే కదరా" అని ఆమె నవ్వెడిది. దీనిని విని పూర్వులు దేహధర్మమెరిగి విశ్రాంతి కల్పించిరని పొంగిపోవువారు కలరు. మేమును ఒకప్పుడు అట్లే అంటిమి. అప్పుడామె మరియొక మాట చెప్పెను: "ఆ చాప మీదే ఓసారి జ్వరంతో కాలిపోయాను. నుదురు మీద చెయ్యి వేసి చూసినవాళ్లు లేరు." విశ్రాంతి వేరు, వెలి వేరు. రెండింటిని ఒక చాపమీద పరచినారు గనుక మనము విడదీయలేకున్నాము.

పైగా ఆ విశ్రాంతియైనను ఎవరికి? కూలి స్త్రీలు ఆ మూడు దినములును మోకాలిలోతు బురదలో వంగి నాటిరి. నేడును మన డెల్టాలో చాలచోట్ల నాట్లు ఎకరమునకు ఇంతయని ముఠాలు గుత్తకు తీసికొనును. ఒకరు ఇంట కూర్చున్న ఆమె కూలి పోవును, లేదా ఆమె వంతు తక్కినవారి నడుములమీద పడును. గట్టుమీద చాటు ఉండదు, గుడ్డ మార్చుకొనుటకు తావుండదు. ఉదయము కట్టుకొనిన గుడ్డతోనే సాయంత్రమువరకు ఉండుటచే తొడలు ఒరిసికొని పుండ్లు పడుననియు, మాటిమాటికి లేవవలసివచ్చునని నీళ్లు త్రాగుటయే మానుదుమనియు కోడూరు వైపు స్త్రీలు మాతో చెప్పిరి. వేసవిలో మరియొక బాధ. కాలువలు కట్టివేసిన పిమ్మట నాగాయలంక, కోడూరు వంటి చివరి ఆయకట్టు గ్రామములలో చెరువు నింపుకొనిన నీరే గతి. బోరు వేసిన ఉప్పునీరు. ఉన్న బిందెడు త్రాగుటకా, ఉదుకుటకా? వీరికి దశల పట్టిక చదివి వినిపించుటకు మాకు నోరాడలేదు. వీరికి కావలసినది గట్టు ప్రక్క ఒక మరుగుదొడ్డి, ఒక తొట్టి నీరు, కూలి తెగని ఒక పూట.

మన ఆచారములో ఒక వింత చూడుడు. పిల్ల పెద్దమనిషి యైనప్పుడు చిమ్మిలి దంచి, సున్నుండలు చుట్టి, నేడైతే ఫంక్షను హాలు మాటాడి, ఫ్లెక్సీ కట్టి ఊరంతటికి చాటుదుము. రెండవ నెలనుండి దాచుదుము. చిమ్మిలి మంచిదే, నువ్వులలో ఇనుమున్నది, మినుములలో మాంసకృత్తులున్నవి. ఆ ఒక్క పండుగతో ఆగుటయే తప్పు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో సగముకంటె ఎక్కువమందికి రక్తహీనత కనబడినది. నెలనెలా పోవు రక్తము దానికి ఒక ముఖ్య కారణము. తోటకూర, మునగాకు, చేపలు మేలు చేయును. రక్తము బాగుగా తగ్గినచో కూరలు చాలవు, మాత్రలు వేసికొనవలెను. ఇనుపమాత్రతోపాటు టీ త్రాగరాదు.

చుక్క పెట్టుకొనుటవలని అసలు ప్రయోజనము ఇక్కడ కలదు. స్రావము ఏడెనిమిది దినములు దాటినను, గంట రెండు గంటలకే ప్యాడు తడిసిపోవుచున్నను, 21 దినములలోపే మరల వచ్చుచున్నను, మూడు మాసములు రాకున్నను, ముట్లుడిగిన పిమ్మట ఒక్క చుక్క కనబడినను డాక్టరువద్దకు పోవలెను. తేదీలు వ్రాసియుంచిన ఆమె మాటను వైద్యులు త్వరగా గ్రహింతురు.

గుడివాడ తల్లికి సమాధానము వ్రాయుటకు కూర్చొనుసరికి ఆమెయే రెండవ ఉత్తరము వ్రాసినారు. పిల్ల బస్సులో కళ్లు తిరిగి పడిపోయినదట. ఆ దినములలో నీరసము సహజమని పట్టిక చెప్పినది. ఆ దినములలో అంతేనని తల్లియు అన్నది. నెలకు తొమ్మిది దినములు పోవుచున్నదని ఎవరును లెక్కింపలేదు. పరీక్షలో హిమోగ్లోబిన్ 7 వచ్చినది, 12 ఉండవలెను. ఇప్పుడు మందు వాడుచున్నారు. ఉత్తరము చివర ఆమె ఒక కోరిక కోరినారు. "ఈ సంగతి మీరు చెప్పేట్టయితే మధ్యాహ్నం ఆడవాళ్ల కార్యక్రమంలో చెప్పకండి. డాక్టరు ఖర్చెందుకన్నది మా వారు. ఆయన ఇంట్లో ఉండే వేళ చెప్పండి."

అందుచేతనే ఈ ప్రసంగమును రాత్రి వార్తల పిమ్మట పెట్టినాము.