పొడుగు మాటకు రెండు విరుపులు

ఇంట్లో తెలుగు, బడిలో కన్నడమో తమిళమో ఒడియానో చదివే మన పిల్లలు ఇంగ్లీషులో పొడుగు మాట రాగానే ఆగిపోతారు. తెలివి లేక కాదు, విరవడం తెలియక.

'రామాలయం' చూడండి. పలకడానికి రా-మా-ల-యం. అర్థానికి రామ, ఆలయం. ఇంగ్లీషూ అంతే. 'ఇండిపెండెన్స్' నోటికి నాలుగు ముక్కలు: ఇన్-డి-పెన్-డెన్స్. అర్థానికి మూడే: ఇన్, డిపెండ్, ఎన్స్. డిపెండ్ అంటే ఆధారపడు. ముందున్న ఇన్ కాదంటుంది. చివరి ఎన్స్ క్రియను నామవాచకం చేస్తుంది.

అయితే ఒక జాగ్రత్త. 'ఇన్‌కమ్'లో ఇన్ అంటే లోపలికి. కనుక విరిచాక వాక్యంలో పెట్టి సరిచూడాలి.

పిల్లవాడు ఆగినచోట కోప్పడకండి. పెన్సిలుతో రెండుసార్లు విరవమనండి: ఒకసారి నోటికి, ఒకసారి అర్థానికి. సంధి విడదీసినవాడికి ఇది కొత్త విద్య కాదు.