చిన్న దారి: లిజియూ తెరేసా జీవితము నేర్పు పాఠములు

(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఎవరైన ఒక మహనీయుని జీవితమునుగూర్చి ముచ్చటింపవలసినదని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను క్రైస్తవుడను కాను. వేదాంతమున పండితుడనును కాను. ఫైళ్ళ నడుమ దినములు గడుపు ఉద్యోగిని. అయినను ఇరువదినాలుగేండ్లకే కన్నుమూసిన ఒక ఫ్రెంచి సన్న్యాసిని కథ చాల కాలముగా నా మనసును వదలకున్నది. కాథలిక్కులు పునీత చిన్న తెరేసమ్మ యని కొలుచు లిజియూ తెరేసా యే ఆమె.

1897వ సంవత్సరపు వేసవిలో ఆమె క్షయవ్యాధితో మంచము పట్టియుండెను. కార్మెల్ మఠములలో ఒక ఆచారము కలదు. సన్న్యాసిని ఎవరైన మరణించినచో ఆమె జీవితవిశేషములు వ్రాసి తక్కిన మఠములకు పంపుదురు. తెరేసా వ్యాధిలో నుండగా తోటి సన్న్యాసిని యొకతె, ఈమెనుగూర్చి మఠాధిపతురాలు ఏమి వ్రాయగలరో తెలియదు, చెప్పదగిన పని యేదియు ఈమె చేయలేదు కదా యనెనట. ఆ మాట ద్వేషముతో పలికినది కాదు. పైకి కనబడినంతవరకు అది నిజమే. తెరేసా తొమ్మిదిన్నరయేండ్లు మఠము గోడలు దాటి యెరుగదు. బట్టలుతికెను, ఊడ్చెను, బొమ్మలు వేసెను, కొత్తగా చేరిన కన్యలకు దారి చెప్పెను; అంతే.

ఆమె 1897 సెప్టెంబరు 30న మరణించెను. అక్కల ప్రేరణమున, మఠాధిపతుల ఆజ్ఞపై ఆమె వ్రాసియుంచిన కాగితములనే సరిచేసి, సరిగా ఏడాదికి రెండువేల ప్రతులుగా అచ్చువేసి, మరణవార్తకు బదులు మఠములకు పంపిరి. ఆ పుస్తకము ప్రపంచ భాషలలోనికి ప్రాకెను. 1925 మే 17న పోపు పదునొకండవ పయస్ ఆమెను పునీతురాలిగా ప్రకటించెను. రెండేండ్ల తరువాత, దూరదేశములకు ఏనాడును పోని ఈమెను, ఫ్రాన్సిస్ జేవియర్‌తో పాటు మతప్రచార కార్యమునకు పాలకపునీతురాలిగా నిలిపిరి. 1997లో పోపు రెండవ జాన్ పాల్ ఆమెకు శ్రీసభాచార్య పదవి నిచ్చెను. స్త్రీలలో ఆ గౌరవము పొందినవారిలో ఆమె మూడవది. చెప్పదగినది ఏమియు చేయలేదన్న మాటకును, ఈ గౌరవములకును నడుమ నున్నదేమి? నా ప్రసంగమంతయు ఆ ప్రశ్నయే.

ఆమె 1873 జనవరి 2వ తేదీన అలాన్సోన్ పట్టణమున జన్మించెను. తండ్రి లూయీ మార్టిన్ గడియారముల పనివాడు. తల్లి జేలీ లేసుల అల్లికలో నేర్పరి; ఆ వ్యాపారము నడపినది. తొమ్మండుగురు సంతానములో తెరేసా కడగొట్టుది. బ్రదికినవారు ఐదుగురు ఆడపిల్లలు. ఆ ఐదుగురును కాలక్రమమున సన్న్యాసినులైరి. నాలుగేండ్ల వయసున తెరేసా తల్లిని పోగొట్టుకొనెను. తల్లివలె సాకిన అక్క పోలీన్ 1882లో లిజియూలోని కార్మెల్ మఠమున చేరగా, తల్లిని మరల పోగొట్టుకొన్నట్లు కుమిలి, మరుసటియేడు తీవ్రముగా జబ్బుపడెను. ఊరకయే కన్నీరు పెట్టుకొను సుకుమారి. ఆ పిల్లయే పదునాలుగవయేట రోమునకు పోయి, తనను మఠమున చేరనిమ్మని పోపు పదమూడవ లియోను స్వయముగా అర్థించెను. దైవేచ్ఛ యైనచో చేరగలవని ఆయన బదులిచ్చెను. కదలక యున్న ఆమెను భటులు లేవనెత్తి తీసికొనిపోవలసి వచ్చెను. 1888 ఏప్రిలు 9న ఆమె కోరిక నెరవేరెను.

ఆమె నేర్పిన మొదటి పాఠము, తన కొలత తాను తెలిసికొనుట. పూర్వపునీతుల తపస్సులను తలచినచో వారు పర్వతములు, తాను ఇసుకరేణువు. అయినను ఆమె నిరాశపడలేదు. ఆ కాలమున ధనవంతుల ఇండ్లలో లిఫ్టులు కొత్తగా వచ్చుచుండెను. మెట్లెక్కలేనివారికి లిఫ్టు ఉన్నట్లే, తన్ను పైకెత్తుటకు యేసు బాహువులు కలవని, అందులకు తాను పెద్దదగుట కాదు, ఇంకను చిన్నదగుట కావలెనని ఆమె తలచెను. ఇది చదివినపుడు నాకు మన వైష్ణవాచార్యుల మార్జాలకిశోర న్యాయము జ్ఞప్తికి వచ్చినది. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకొనవలెను. పిల్లికూననైతే తల్లియే నోట కరచి మోయును. ఎన్నడును కలిసికొనని రెండు లోకములు ఒకే అనుభవమును రెండు పోలికలతో చెప్పినవి.

అయితే ఇది సోమరితనమునకు అనుమతి కాదు. ప్రేమ యను పెద్ద పనికి చిన్న పనులే సామగ్రి యన్నది రెండవ పాఠము. ప్రార్థనాసమయమున వెనుక కూర్చున్న సన్న్యాసిని ఒకతె విడువక ఏదో చప్పుడు చేయుచుండెడిది. వెనుదిరిగి ఒక్కమారు చూచినచో అది ఆగిపోవును. తెరేసా తిరుగలేదు. చెమటలు పట్టుచున్నను ఓర్చి, తుదకు ఆ చప్పుడునే సంగీతకచ్చేరివలె వినుటకు యత్నించెను. బట్టలుతుకు చోట ఎదుటి సన్న్యాసిని మురికినీరు ముఖముపై చిమ్ముచుండగా, తొలుత వెనుకకు జరుగబోయి, ఆగి, అక్కడనే నిలిచెను. స్వభావముచే తనకు బొత్తిగా సరిపడని యొకామెకు ప్రతిదినము చిరునవ్వుతో మేలు చేయుచుండగా, నాలో నిన్ను అంతగా ఆకర్షించిన దేమని ఆమెయే ఒకనాడు అడిగెనట! ఓరిమి చాలని దినములలో మాత్రము, యుద్ధభూమినుండి సిపాయి పారిపోయినట్లు తాను అక్కడనుండి తప్పుకొనెడిదాననని తెరేసా దాచక వ్రాసినది. ఆ నిజాయితీయే నన్ను ఆమెకు దగ్గర చేసినది.

సేతువు కట్టునాడు ఇసుక రాల్చిన ఉడుత కథ మనకందరకు తెలియును. ఉడుతాభక్తి యను మాటను మనము కొంచెమిచ్చి తప్పించుకొనుటకు వాడుకొనుచున్నాము. ఉడుతకు మాత్రము అది కొంచెము కాదు. తన ఒంటికి అంటినంత ఇసుకయు అదియే. తెరేసా దారి అట్టిది.

మూడవ పాఠము చెప్పుటకు నాకు కొంత సిగ్గు. ఆమె కొత్తగా చేరిన దినములలో కిటికీ వెనుకనుంచిన చిన్న పాత్ర ఒకటి పగిలియుండెను. అది ఆమె అశ్రద్ధ యనుకొని గురుస్థానమున నున్న సన్న్యాసిని మందలించెను. తప్పు తనది కాకున్నను, ఆమె మారు మాటాడక నేలను ముద్దిడి, ఇకమీద జాగ్రత్తగా నుందునని చెప్పెను. ఇంత చిన్న విషయమే తనకు ఎంతో కష్టమయ్యెనని కూడ వ్రాసికొన్నది.

కొన్ని సంవత్సరముల క్రిందట మా సెక్షనులో ఒక ముఖ్యమైన ఫైలు కనబడకపోయెను. పైనుండి ఒత్తిడి వచ్చెను. ఆ ఫైలు నాకిచ్చితినని చెప్పిన గుమాస్తాగారి మాట నమ్మక ఆయనను సంజాయిషీ కోరితిని. ఆయన నాకన్న పెద్దవారు. మాటలాడక సంతకము చేసి కాగితము తీసికొనిరి. పది దినముల తరువాత ఫైలు నా బీరువాలోనే, వేరొక కట్ట అడుగున దొరికెను. దొరికినదని మాత్రము చెప్పితిని. ఎచ్చట దొరికినదో చెప్పలేదు. సంజాయిషీ కాగితమును ఉపసంహరింపలేదు. ఆయన అటులనే ఉద్యోగవిరమణ చేసిరి.

తెరేసా తనది కాని తప్పును తన తలపై వేసికొన్నది. నేను నాది యైన తప్పును ఇంకొకరి తలపై వదలితిని. ఇందు ఒక హెచ్చరికయు కలదు. అణకువ మనము మనకై ఎన్నుకొనవలసినది. క్రిందివారిపై రుద్దవలసినది కాదు. ఆ గుమాస్తాగారి మౌనమును అణకువ యని మెచ్చుకొనుటకు నాకు హక్కు లేదు.

కడపటి పాఠము చీకటికి సంబంధించినది. 1896లో గుడ్ ఫ్రైడే వేకువన ఆమెకు మొదట రక్తము పడెను. ఆ ఈస్టరు దినములలోనే పరలోకమున్నదను విశ్వాసముపై దట్టమైన పొగమంచు క్రమ్మెను. ఆకాశమంటు గోడ తన యెదుట లేచినదని ఆమె చెప్పుకొన్నది. అది మరణమువరకు తొలగలేదు. ఆమె విశ్వాసప్రమాణమును తన నెత్తుటితో వ్రాసి గుండెలపై ధరించెను. విశ్వాసము లేనివారిని దూషింపక, వారి పంక్తినే కూర్చుండి వారి చేదు రొట్టెను తినుటకు సమ్మతించెను. వెలుతురు కనబడినపుడు నడచుట సులభము. కనబడనపుడు గూడ నిన్నటి పనినే నేడును ప్రేమతో చేయుట ఆమె చూపిన సాహసము.

ఈ దారికి మన దేశముతో సంబంధము లేకపోలేదు. లొరేటో సభలో చేరి 1929లో మన దేశమునకు వచ్చిన ఆగ్నెస్ అను యువతి ఈ చిన్న తెరేసా పేరునే తన సన్న్యాసనామముగా గ్రహించెను. ఆమెయే కలకత్తా మదర్ తెరెసా. 2007లో వెలువడిన ఆమె లేఖలవలన, ఆమెయు దీర్ఘకాలము అట్టి చీకటిలోనే సేవ సాగించినదని లోకమునకు తెలిసినది. పేరుతో పాటు చీకటియు సంక్రమించెను. దీపము పట్టిన చేయి మాత్రము వణకలేదు.

సోదరులారా, మన సర్వీసు పుస్తకములలో చేరిన తేదీ, పదోన్నతుల తేదీలు, సెలవుల లెక్క యుండును. ఎదుటివాని చప్పుడును ఎన్నిమారులు సహించితిమో, ఎవరి తప్పును కప్పితిమో, ఎవరిపై మన తప్పును మోపితిమో అందులో నుండదు. తెరేసా జీవితమంతయు ఆ వ్రాయబడని పుటలోనే గడచినది.

ఈ ప్రసంగమునకు ఒప్పుకొన్న తరువాత ఆ గుమాస్తాగారి విలాసము వెదకి పట్టుకొని, ఫైలు ఎచ్చట దొరికినదో వివరముగా వ్రాసి, క్షమింప వేడితిని. బదులు ఇంకను రాలేదు. రావలెనని కోరుటకు నాకు హక్కును లేదు. చిన్న దారిలో నేను వేసిన మొదటి అడుగు అది. అదియు చాల ఆలస్యముగా.